ముందు నువ్వెవరో చెప్పు

మంగళవారం ఉదయం పదిన్నరకు యూనివర్సిటీ ఆసుపత్రి ఎముకల వార్డులో ఒక అమ్మాయి ఒక నర్సును డాక్టర్ అని పిలిచింది. ఆ నర్సు ఆమెను దుప్పటి మార్చమన్నాడు. ఇద్దరికీ ఒళ్లు మండింది.

అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మంచం మీది రోగిని లేపి కుర్చీలోకి మార్చే లిఫ్ట్ ఒకటి తయారు చేస్తోంది. అది ఆమె ప్రాజెక్టు. మంచాల ఎత్తు కొలుచుకోవడానికి టేపు పట్టుకుని వార్డుకు వచ్చింది. తలుపు దగ్గర తెల్ల కోటు వేసుకున్న కుర్రాడొకడు ఎదురయ్యాడు.

"డాక్టర్, ఒక్క నిమిషం. ఈ వార్డు నర్సుతో మాట్లాడాలి. ఎక్కడుంటారావిడ?"

అతను ఆమె వేసుకున్న నీలం వర్క్‌షాపు కోటు వైపు చూశాడు. ఆ రోజు అలాంటి నీలం కోట్లే వేసుకునే నర్సింగ్ మొదటి సంవత్సరం వాళ్లు కొత్తగా డ్యూటీకి వచ్చారు. ఒక్క అమ్మాయి మాత్రం ఇంకా రాలేదు.

"ఇప్పుడా రావడం? డ్యూటీ ఎనిమిదింటికి. వెళ్లు, ఆ చివరి మంచం దుప్పటి మార్చు. మాటలు తర్వాత."

"దుప్పటా?"

"దుప్పటే. మార్చడం రాదా?"

"నేను ఇంజినీర్ని."

"నేను నర్సుని."

తాను 'ఆవిడ' అన్న సంగతి ఆమెకు గుర్తొచ్చింది. దుప్పటి సంగతి అతనికి గుర్తొచ్చింది.

ఆమె కోపం ఇప్పటిది కాదు. వర్క్‌షాపు స్టోర్‌లో స్పానర్ అడిగితే "ఎవరి కోసమమ్మా?" అంటారు. ఇంట్లో మిక్సీ పాడైతే తల్లి ఎదురింటి అబ్బాయిని పిలుస్తుంది. ఆ అబ్బాయి కామర్స్. బస్సులో పక్క సీటు వాళ్లు ఏం చదువుతున్నావని అడిగి, చెబితే, "కంప్యూటర్సా?" అంటారు. ప్రతిసారీ ఆమె సరిదిద్దుతుంది. సరిదిద్ది సరిదిద్ది గొంతు అరిగిపోయింది. అలాంటిది తానే వచ్చి, తెల్ల కోటు వేసుకున్న మగవాణ్ణి చూసి డాక్టర్ అంది.

"సారీ," అంది.

"నేనూ సారీ," అన్నాడు. "అయినా ముందు మొదలుపెట్టింది మీరే."

ఆ మాటతో సారీ వెనక్కి తీసుకోవాలనిపించింది ఆమెకు.

వార్డు బాధ్యత చూసే హెడ్ సిస్టర్ ప్రాజెక్టు సంగతంతా నిలబడే విన్నారు. "ఇంజినీర్లు చేసిన మెషీన్లు మా స్టోర్ రూంలో బోలెడున్నాయి. వాటి దుమ్ము దులపడానికే ఒక మనిషి కావాలి," అన్నారు. "వీణ్ణి తీసుకెళ్లు. ఆఖరి సంవత్సరం, పని వచ్చు. వీడు బాగుందంటేనే అది నా వార్డులోకి వస్తుంది."

*

అతను వర్క్‌షాపుకు వెళ్లిన రోజు ఆమె లిఫ్ట్ కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగిస్తోంది. అతన్ని చూడగానే వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టర్ కుర్చీ లాగాడు.

"రండి సార్, కంపెనీ నుంచేనా? అమ్మాయి మెషీన్ చూస్తారా? ఎవరో చేసిపెట్టినట్టున్నారు, బాగానే వచ్చింది."

లిఫ్ట్ కింద స్పానర్ చప్పుడు ఆగింది.

"ఔనండి, బాగుంది," అన్నాడు అతను, కుర్చీలో కూర్చుంటూ.

ఇన్‌స్ట్రక్టర్ వెళ్లాక ఆమె బయటికి వచ్చింది. చెంపకు గ్రీజు. "ఔనండి ఏంటి? కంపెనీ నుంచి వచ్చారా మీరు?"

"వాదించడానికి ఓపిక లేదు. బయట ఎండ చంపేస్తోంది. కుర్చీ ఇచ్చాడు, కూర్చున్నా."

"ఎవరో చేసిపెట్టారంటే దానికీ ఔనండి అన్నారు!"

"అది నేను బాగుంది అన్నదానికి... సరే, పొరపాటు. మంచం ఎక్కనా?"

పరీక్ష కోసం లిఫ్ట్ పక్కన వేసిన మంచం ఎక్కాడు. నడుము కింద, తొడల కింద పట్టీ వేసి కొక్కేలకు తగిలించి ఆమె రిమోట్ నొక్కింది. మోటారు గుర్రుమంది. పట్టీ ఒక్కసారిగా బిగిసి అతన్ని గాల్లోకి లేపింది.

"దించు! దించు!"

ఆ అరుపులో 'మీరు' ఎగిరిపోయింది. మళ్లీ ఎప్పుడూ తిరిగి రాలేదు.

"ఏమైంది? మోస్తోందిగా. నీలాంటివాళ్లు ఇద్దరున్నా మోస్తుంది."

"మోస్తుంది. సిమెంటు బస్తాని కూడా ఇలాగే మోస్తుంది. లేపుతున్నానని నాకు చెప్పావా?"

"బటన్ నొక్కడం కనిపించలేదా?"

"పడుకున్నవాడికి కనిపించేది సీలింగ్ ఒక్కటే తల్లీ."

ఆమె దించింది. అతను లేచి కూర్చుని చొక్కా సర్దుకున్నాడు. "మాకు మొదటి రోజే ఒక పద్ధతి నేర్పుతారు. రోగి మీద చెయ్యి వేసే ముందు మనం ఎవరమో చెప్పాలి. ఏం చేయబోతున్నామో చెప్పాలి. సరేనా అని అడగాలి. సరే అన్నాకే ముట్టుకోవాలి. స్పృహ లేని రోగికైనా చెబుతాం."

"స్పృహ లేనివాడు సరే అంటాడా?"

"అనడు. అయినా చెబుతాం."

ఆమె కాగితం తీసుకుని మోటారు మెల్లగా మొదలయ్యేలా ఏం మార్చాలో రాసుకుంది. మోకాళ్ల కింద ఇంకో పట్టీ కావాలని అతను చెప్పాడు. అది ఎందుకు వీలుకాదో ఆమె చెప్పింది. వీలు కావాలని అతను అన్నాడు. పోట్లాట సాయంత్రం దాకా నడిచింది. వారం తిరిగేసరికి పట్టీ వచ్చింది.

*

అప్పుడే అతని మేనమామ ఆ వార్డులోకి వచ్చి పడ్డాడు. మేనమామ సిటీ బస్సు డ్రైవర్. బస్సు దిగుతూ మెట్టు తప్పి కాలు విరగ్గొట్టుకున్నాడు. వచ్చిన గంటకే వార్డులో అందరికీ తెలిసిపోయింది, ఆయన మేనల్లుడు డాక్టరని.

"మా మేనల్లుడే చూస్తాడు నన్ను. చేయి మంచిది వాడిది," అని పక్క మంచం తాతగారికి చెప్పాడు.

ఆ మాట హెడ్ సిస్టర్ చెవిన పడింది. "మీ మేనల్లుడు డాక్టరైతే మరి రోజూ నా దగ్గర తిట్లెందుకు తింటున్నాడండీ?"

"వినయం అమ్మా," అన్నాడు మేనమామ.

ఆమె కొలతల కోసం వచ్చినప్పుడల్లా ఇదంతా చూసేది. పక్క మంచం తాతగారు "డాక్టర్ బాబూ, నా మోకాలు ఎప్పుడు వంగుతుంది?" అని అడిగేవాడు. అతను కూర్చుని, కాలు పట్టుకుని, ఓపిగ్గా చెప్పేవాడు. డాక్టర్ని కాదని మాత్రం చెప్పేవాడు కాదు. రోగిని పక్కకు తిప్పే ముందు "ఇప్పుడు మిమ్మల్ని తిప్పుతాను, సరేనా?" అనేవాడు. ముందు చెప్పాల్సిన మాట మింగేసేవాడు.

ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి బయటికి వస్తుంటే వాన పట్టుకుంది. ఇద్దరూ సైకిల్ షెడ్డు కింద నిలబడ్డారు. ఆమె అడిగేసింది.

"నువ్వెవరో ఎందుకు చెప్పవు? పద్ధతి నాకు నేర్పావు, నువ్వు సగం ఎగ్గొడతావు."

"చెప్తే ఏమవుతుందో తెలుసా? ఓహో, డాక్టర్ సీటు రాలేదా బాబూ, అంటారు. రాలేదు అంటే జాలి. నేను రాయనే లేదు అంటే నమ్మరు. అప్పటికి నా డ్యూటీ అయిపోతుంది. డాక్టర్ అంటే ఊఁ అంటే పని ముందుకెళ్తుంది."

"నేను మాత్రం ప్రతిసారీ చెప్తాను."

"తెలుసు. అందుకే నీ మొహం ఎప్పుడూ ఇలా ఉంటుంది."

"ఎలా ఉంటుంది?"

అతను చూశాడు. చెంప మీద గ్రీజు మరక ఎప్పటిలాగే ఉంది. వాన జల్లు పడి సగం కారింది. చెప్పబోయి ఆగాడు. ఆమె కూడా ప్రశ్న వదిలేసి వాన చూసింది.

అదే సమయానికి తల్లి ఫోన్ చేసింది. షెడ్డు రేకు మీద వాన మోత. ఆమె స్పీకర్ ఆన్ చేయక తప్పలేదు.

"ఎక్కడున్నావే? ఎవరున్నారు పక్కన?"

"ఫ్రెండమ్మా. ప్రాజెక్టులో సాయం చేస్తున్నాడు."

"ఏం చదువుతున్నాడేం?"

ఆమె చూపు వాన వైపు తిప్పింది. "మెడికల్," అంది.

"మెడికలా!" తల్లి గొంతు మారింది. "గొడుగుందా ఇద్దరికీ?"

ఫోన్ పెట్టేశాక అతను వాన తగ్గిందని చెప్పి సైకిల్ తీసుకున్నాడు. నిజానికి వాన తగ్గలేదు.

*

ప్రాజెక్టు పరీక్షకు బయటినుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆసుపత్రి మంచాలు తయారు చేసే కంపెనీలో డిజైన్ విభాగం ఆయనదే. నచ్చిన విద్యార్థిని ఉద్యోగంలోకి తీసుకుంటాడని కాలేజీలో అందరికీ తెలుసు. ఆమెకు కావలసిన ఉద్యోగం అదొక్కటే.

తప్పు ఆమె దగ్గరే మొదలైంది. మంచం మీద ఇసుక నింపిన బొమ్మ ఉంది. పట్టీలు సరిగ్గా పడ్డాయో లేదో దగ్గరుండి చూడాలనుకుంది. అందుకని రిమోట్ అతని చేతికిచ్చింది. పెద్దాయన లోపలికి వచ్చేసరికి మగపిల్లవాడు రిమోట్ పట్టుకుని నిలబడ్డాడు. ఆడపిల్ల వంగి బొమ్మ కింద పట్టీ సర్దుతోంది.

పెద్దాయన నేరుగా అతని దగ్గరికి వెళ్లాడు. "ఈ మోటారే ఎందుకు తీసుకున్నావు బాబూ?"

అతనికి జవాబు తెలుసు. రోజుల తరబడి విన్నాడు. "చప్పుడు తక్కువ సార్. కరెంటు పోయినా ఎక్కడున్నది అక్కడే ఆగుతుంది. పడిపోదు."

"శభాష్."

"సార్, ఆ డిజైన్ నేను..." ఆమె అంది.

"ఒక్క నిమిషమమ్మా. నర్సింగ్ వైపునుంచి నువ్వు బాగా సాయం చేశావు, కనిపిస్తోంది. మోకాళ్ల పట్టీ నీ ఆలోచనేగా? టీం అంటే అలా ఉండాలి." మళ్లీ అతని వైపు తిరిగాడు. "గురువారం వార్డులో అసలు రోగితో చూస్తాను. నచ్చితే శుక్రవారం ఆఫీసుకి వచ్చి మాట్లాడు. సరేనా?"

"సరే సార్," అన్నాడు అతను.

నోట్లోంచి అలా వచ్చేసింది. ఆ మాట తిరిగి తీసుకునేలోపు పెద్దాయన పక్క ప్రాజెక్టు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆమె రిమోట్ లాక్కుంది. వర్క్‌షాపు వెనక గోడ దాకా వెళ్లి ఆగింది. అతను వెంట వచ్చాడు.

"నా మెషీన్ని నీ పేరు మీద అప్పగించేసి వచ్చావు."

"నేనేం చెప్పలేదు!"

"అదే. ఏం చెప్పలేదు. నిన్ను డాక్టర్ అంటే ఊరుకుంటావు, నీ ఇష్టం, నీ గొంతు. ఇప్పుడు నాది కూడా మింగేశావు."

"అలవాటైపోయింది. ఎవరేమన్నా ఊఁ అనడం..."

"మానుకో."

అతనికి కోపం వచ్చింది. దుప్పటి రోజు తర్వాత అతనికి కోపం రావడం ఆమె మళ్లీ ఇప్పుడే చూసింది. "మానుకుంటా. నువ్వు మీ అమ్మకి ఏం చెప్పావు? మెడికల్. ప్రతిసారీ సరిదిద్దుతావుగా, ఆ ఒక్కసారి ఏమైంది? నర్సు అని చెప్పడానికి మొహం చెల్లలేదా?"

అతను వెళ్లిపోయాడు.

హాస్టల్ గదిలో రూమ్మేట్ తల కొట్టుకుంది. "కంపెనీకి ఒక్క మెయిల్ పంపవే బాబూ. డిజైన్ నాది అని. అయిపోయె."

"పంపగలను."

"మరి?"

"ఇన్నాళ్లూ నేనే చెబుతున్నాను. ఈసారి వాడు చెప్పాలి."

"చెప్పకపోతే? ఉద్యోగం వాడికిస్తారా, నర్సుకి?"

"శుక్రవారం నేనే వెళ్లి చెప్పుకుంటాను. ఉద్యోగం తెచ్చుకుంటాను. వాడితో మాత్రం మాట్లాడను."

రూమ్మేట్ ఆమెను ఎగాదిగా చూసింది. "ఉద్యోగం పోతుందని కాదన్నమాట నీ ఏడుపు," అని దుప్పటి ముసుగు తన్నింది.

*

గురువారం లిఫ్ట్ వార్డుకు వచ్చింది. కాలికి కట్టుతో, కుర్చీలోకి మారాల్సిన రోగి మేనమామే. సర్జన్ ఒప్పుకున్నారు, హెడ్ సిస్టర్ ఒప్పుకున్నారు. మేనమామ పొద్దున్నే గడ్డం గీయించుకున్నాడు.

ఆమె, అతను ఒకరినొకరు చూసుకోలేదు. పట్టీ ఇద్దరూ కలిసే వేశారు. రిమోట్ టేబుల్ మీద ఉంది.

"మొదలుపెట్టు బాబూ," అన్నాడు కంపెనీ పెద్దాయన.

అతను రిమోట్ అందుకున్నాడు. మంచం చుట్టూ తిరిగి వచ్చి దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత మేనమామకు ఎదురుగా నిలబడ్డాడు.

"మావయ్యా, నేను ఈ వార్డు నర్సింగ్ విద్యార్థిని."

"ఒరేయ్, నాకేంట్రా చెబుతున్నావు? నీకు చెడ్డీ తొడిగిందే నేను."

"పద్ధతి మావయ్యా. విను. నేను నర్సుని. డాక్టర్ని కాను, డాక్టర్ సీటుకి రాయనూ లేదు. ఇదే కావాలని ఇందులో చేరాను." గొంతు కాస్త పెంచాడు. అది పెద్దాయన కోసమని ఆమెకు అర్థమైంది. "ఈమె ఇంజినీర్. ఈ మెషీన్ గీసింది, కోసింది, బిగించింది ఈమే. మోటారు ఏది కావాలో తేల్చింది ఈమే. ఇందులో నేను చేసింది పడుకుని అరవడం. ఇప్పుడు ఈమె నిన్ను లేపి కుర్చీలో కూర్చోబెడుతుంది. నీ కాలు నేను పట్టుకుంటాను. సరేనా?"

వార్డులో అందరూ వింటున్నారు. పక్క మంచం తాతగారు లేచి కూర్చున్నాడు. "డాక్టర్ కాదా? మరి నా మోకాలి సంగతి ఇన్నాళ్లూ ఎవర్ని అడిగాను?"

"నర్సుని అడిగారు తాతగారూ. సరిగ్గానే చెప్పాను."

మేనమామ మొహం ఎర్రబడింది. "అందరి ముందూ చెప్పాలట్రా? నిన్ను చూసి నవ్వుతారనిరా నా భయం."

"ఎవరూ నవ్వలేదు మావయ్యా. సరేనా?"

"సరే అనకపోతే?"

"అనేదాకా నిలబడతాం."

"నాకు వేరే రోగులున్నారు, సరే అనండి," అన్నారు హెడ్ సిస్టర్.

"సరే," అన్నాడు మేనమామ.

ఆమె బటన్ నొక్కింది. పట్టీ మెల్లగా బిగిసింది. మేనమామ మంచం మీంచి లేచాడు, గాల్లో ఒక పక్కకు తిరిగాడు, కుర్చీలో దిగాడు. కట్టు వేసిన కాలు అతని చేతుల్లోనే ఉంది.

"బస్సు నేను ఎప్పుడూ ఇంత నెమ్మదిగా నడపలేదు," అన్నాడు మేనమామ. తర్వాత పక్క మంచం వైపు తిరిగి, "నర్సే. అయితే ఏం? నర్సంటే ఏమనుకున్నావు?" అని తాతగారి మీద విరుచుకుపడ్డాడు, వేరేలా చెప్పింది తాతగారే అయినట్టు.

పెద్దాయన కళ్లజోడు తీశాడు. "అంటే మొన్న నేను మాట్లాడింది..."

"నర్సుతో సార్."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"అలవాటు సార్. మానుకుంటున్నాను."

పెద్దాయన ఆమె దగ్గరికి వచ్చాడు. మోటారు గురించి మళ్లీ అడిగాడు. పట్టీ కుట్టు గురించి, చక్రాల బ్రేకు గురించి, ఖాళీ లేని వార్డులో దీన్ని ఎలా తిప్పుతారన్న దాని గురించి అడిగాడు. ఆఖరి ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదని ఆమె చెప్పింది. దాని మీదే పని చేస్తున్నానంది. ఆయన తల ఊపాడు.

"రేపు మా ఆఫీసుకి రండి," అన్నాడు. మొన్నటి 'అమ్మా' ఎక్కడికో పోయింది.

*

వార్డు బయట వరండాలో ఆమె కిటికీ దగ్గర నిలబడింది. మళ్లీ వాన. అతను వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె ఫోన్ తీసి, స్పీకర్ నొక్కి, తల్లికి కలిపింది.

"అమ్మా, ఆ రోజు మెడికల్ అన్నానే, అతను నర్సు."

అటువైపు కుక్కర్ విజిల్ ఒకటి వినిపించింది. "నర్సా? మగపిల్లాడు?"

"మగపిల్లాడే."

"మరి మెడికల్ అని ఎందుకన్నావు?"

"నాకు సిగ్గేసింది. తప్పు నాదే."

"నువ్వు మెకానికల్ అంటే నేను ఊళ్లో కంప్యూటర్స్ అని చెప్పుకుంటున్నాన్లే. ఇంజక్షన్ నొప్పి లేకుండా వేస్తాడా?"

ఆమె అతని వైపు చూసింది. అతను తల ఊపాడు.

"వేస్తాడట."

"అయితే ఆదివారం తీసుకురా. నాకు రాసిచ్చిన విటమిన్ ఇంజక్షన్ ఇంకోటి మిగిలింది. మన వీధి చివర క్లినిక్ వాడు వేస్తే చెయ్యి వారం లేవడం లేదు."

ఫోన్ పెట్టేసింది. "కంప్యూటర్స్ అట," అంది పళ్లు నూరుతూ. "సొంత తల్లి."

"ఇంటికెళ్లాక సరిదిద్దు. ఇప్పుడు ఒక మాట వింటావా?"

"ఏంటి?"

అతను ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఇందాక మేనమామ ముందు నిలబడ్డట్టే. "నేను నర్సుని."

"తెలుసు."

"పద్ధతి. మధ్యలో మాట్లాడకూడదు. నేను నర్సుని. నీకు దుప్పటి మార్చమని చెప్పినవాణ్ణి. ఆ రోజు నుంచి నీ కోసమే వర్క్‌షాపుకి వస్తున్నాను, మెషీన్ కోసమని చెప్పింది అబద్ధం. ఇప్పుడు నీ చెయ్యి పట్టుకోబోతున్నాను." ఆగాడు. "సరేనా?"

"గ్రీజుంది."

"చూశాను."

"రేపు ఇంటర్వ్యూ ఉంది, ఎల్లుండి నుంచి నీ పద్ధతిలో లోపాలన్నీ చెబుతాను."

"చెప్పు. సరేనా?"

ఆమె రిమోట్‌ను కిటికీ గట్టు మీద పెట్టింది.

"సరే," అంది.

శుక్రవారం ఆమె కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. ఉద్యోగం వచ్చింది. ఆదివారం ఉదయం పదకొండింటికి అతను ఆమె తల్లి ఎదుట నిలబడి, తానెవరో, ఏం చేయబోతున్నాడో చెప్పి, సరేనా అని అడిగి, ఇంజక్షన్ వేశాడు. నొప్పి లేదని తల్లి చెప్పింది.